అమ్మకు ‘కిడ్నీలో చీ తక్కువ’ అన్నారు: ఆక్యుపంక్చర్, చైనా వైద్యం గురించి తెలిసినవారు వివరించండి

తణుకు_వాసు
మా అమ్మకు 64 ఏళ్లు. రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగిపోయిందని ఎముకల డాక్టరు గారు చెప్పి రెండేళ్లయింది. ఆపరేషన్‌కు అమ్మ ఒప్పుకోవడం లేదు. నొప్పి మాత్రలు రోజూ వేసుకుంటే కడుపులో మంట వస్తోంది. మా పిన్ని చెప్పిందని పోయిన వారం హైదరాబాదులో ఒక ఆక్యుపంక్చర్ (సూది వైద్యం) క్లినిక్‌కు తీసుకువెళ్లాను. అక్కడి ఆవిడ అమ్మ నాలుక చూశారు, రెండు మణికట్ల దగ్గరా చాలాసేపు నాడి పట్టుకున్నారు, రాత్రి ఎన్నిసార్లు మూత్రానికి లేస్తారని, పాదాలు చల్లబడుతుంటాయా అని అడిగారు. చివరకు ‘కిడ్నీలో చీ తక్కువగా ఉంది, అందుకే మోకాళ్లు ఇలా అయ్యాయి’ అన్నారు. అమ్మకు పదేళ్లుగా షుగర్ ఉంది. కిడ్నీ అనే మాట చెవిన పడగానే ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది, ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే రక్తపరీక్ష చేయిస్తే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.8 వచ్చింది, అది మామూలు అంకేనట, మూత్రపరీక్షలోనూ దోషం ఏమీ లేదు.

ఆవిడ అబద్ధం చెప్పారా, లేక మాకే అర్థం కాలేదా? ఈ చీ ఏమిటి, నాలుక చూసి మోకాలి సంగతి ఎలా చెబుతారు? పది సిట్టింగ్‌లు అవసరమన్నారు. వేయించాలో వద్దో ఆదివారంలోగా తేల్చుకోవాలి. అక్షరం ముక్క తెలియనివాడికి చెప్పినట్టు మొదటి నుంచి చెప్పగలరని అడుగుతున్నాను.

జనరల్_వార్డు
నేను ప్రభుత్వ ఆసుపత్రిలో మెడిసిన్ విభాగంలో పనిచేస్తాను. వాసు గారూ, పరీక్ష చేయించి మంచి పని చేశారు. పదేళ్ల షుగర్ ఉన్నవారికి ఏడాదికోసారి అది ఎలాగూ చేయించాలి. కానీ క్రియాటినిన్ 0.8 ఉన్న మనిషికి కిడ్నీ సరిగా లేదని చెప్పడం నాకు ఏ విధంగానూ సమ్మతం కాదు. తన మాట రోగి చెవిలో ఏ అర్థంతో పడుతుందో తెలుసుకొని మాట్లాడడం వైద్యం చేసేవారి బాధ్యత. శరీరాన్ని కోసి చూసిన ఎవరికీ ఇంతవరకు కనిపించని దారుల్లో, ఏ పరికరానికీ అందని ‘చీ’ అనే శక్తి ఒకటి పారుతోందంటే నేను ఒప్పుకోలేను. మోకాళ్లకు తొడ ముందుభాగపు కండరానికి బలం పెంచే వ్యాయామం, బరువు తగ్గడం అనే రెండు పనులు మూడు నెలలు విడవకుండా చేయించి చూశారా?

తణుకు_వాసు
ఫిజియోథెరపీ పది రోజులు చేయించి ఆపేశాం. అది మా తప్పే.

చాంగ్షా_మిత్ర
నేను చైనాలో, హునాన్ రాష్ట్ర రాజధాని చాంగ్షాలో ఎంబీబీఎస్ చదివాను. మాకు చైనా సంప్రదాయ వైద్యం ఒక పాఠ్యాంశంగా ఉండేది. మొదటి తరగతిలోనే మా అధ్యాపకురాలు ఒక హెచ్చరిక చేశారు: ఈ గదిలో కిడ్నీ అన్నా, లివర్ అన్నా ఎనాటమీ బల్ల మీద చూసిన అవయవాన్ని గుర్తుకు తెచ్చుకోకండి అని. మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

చైనా వైద్యంలో ‘షెన్’ అనే మాట ఉంది. పాశ్చాత్యులు అనువదించినప్పుడు దానికి కిడ్నీ అని పేరు పెట్టారు. కానీ ఆ వైద్యం లెక్కలో షెన్ అంటే మూత్రాన్ని వడగట్టే రెండు గింజలు మాత్రమే కాదు. ఎముకలు, వాటిలోని మజ్జ, వినికిడి, తలవెంట్రుకలు, సంతానశక్తి, పుట్టుక నుంచి ముసలితనం దాకా మనిషి ఎదిగి తరిగే క్రమం, ఇవన్నీ దాని కిందికే వస్తాయి. పెద్ద వయసు, ఎముకల నొప్పి, రాత్రిపూట మూత్రానికి లేవడం, పాదాలు చల్లబడడం అనే నాలుగూ ఒకచోట కనిపిస్తే అక్కడి వైద్యుడు ఒక్క మాటలో ‘షెన్ క్షీణించింది’ అని రాసుకుంటాడు. అదే విధంగా వారి ‘పి’, అంటే ప్లీహం, అరుగుదల మొత్తాన్ని చూసుకుంటుంది. మన ప్లీహం అలాంటి పనేమీ చేయదు. కనుక ఆవిడ అబద్ధం చెప్పలేదు. తన శాస్త్రంలోని మాటను విప్పి చెప్పకుండా అమ్మగారి ముందు వదిలేశారు. ఆ విషయంలో జనరల్_వార్డు గారి కోపం న్యాయమైనదే.

చీ అనే మాటను పాత చైనా లిపిలో రాసే అక్షరంలో కింద బియ్యం గుర్తు, పైన ఆవిరి గుర్తు ఉంటాయి. అన్నం ఉడికేటప్పుడు మూత ఎగరేసే ఆవిరిని తలచుకోండి. తిన్న తిండి నుంచి, పీల్చిన గాలి నుంచి పుట్టి, ఒంటిని వెచ్చగా ఉంచి, కదిలించేదాన్ని వారు ఆ పేరుతో పిలిచారు. అది ఒంట్లో కొన్ని దారుల వెంట పారుతుందని, ఆ దారుల మీది బిందువుల్లో సూది గుచ్చి దాన్ని సరిచేయవచ్చని వారి నమ్మకం. యిన్, యాంగ్ అనే మాటలకు మొదటి అర్థం కొండకు నీడపడే పక్క, ఎండపడే పక్క అని. పొద్దు వాలేకొద్దీ అదే కొండకు ఎండపక్క నీడపక్కగా మారుతుంది. చల్లదనం, వేడి, విశ్రాంతి, కదలిక, ఇలా ఒంట్లోని ప్రతి జంటనూ వారు ఆ విధంగానే చూస్తారు. రోగి మాట, ఊపిరి వినడం, వాసన గమనించడం ఒక పద్ధతిగా, చూడడం, అడగడం, నాడి పట్టడం తక్కిన మూడుగా నాలుగు పద్ధతుల్లో రోగిని పరీక్షిస్తారు. ఒక్కో మణికట్టు దగ్గర మూడేసి చోట్ల వేళ్లు ఆనిస్తారు కనుక అంతసేపు పడుతుంది.

పాలకొల్లు_మాస్టారు
ఇదంతా చదువుతుంటే మన పంచభూతాలు, మన నాడీశాస్త్రమే గుర్తుకు వస్తున్నాయి. సుశ్రుతుడు చెప్పిన మర్మస్థానాలే బౌద్ధ భిక్షువుల వెంట చైనాకు వెళ్లి సూది వైద్యమయ్యాయని నేను చాలాకాలంగా వింటున్నాను. చెవులు కుట్టించే ఆచారంలోనూ ఈ రహస్యమే ఉందంటారు. మన విద్యను పరాయి పేరుతో నేర్చుకోవలసి రావడం బాధగా ఉంది.

మాచిపత్రి
మాస్టారూ, మీ అభిమానం నాకూ ఉంది. నేను ఆయుర్వేదం చదువుకున్న మనిషిని. అయినా ఆ మాటను ఒప్పుకోలేకపోతున్నాను. సుశ్రుతుడు 107 మర్మాలను చెప్పింది అక్కడ సూది గుచ్చమని కాదు. శస్త్రచికిత్స చేసేవాడి కత్తి అక్కడ తగలకూడదని, తగిలితే ప్రాణమో అంగమో పోతుందని చెప్పాడు. సూదికి అనువైన చోటు, కత్తికి నిషేధమైన చోటు ఒకటే ఎలా అవుతాయి? పంచభూతాలూ అంతే. మనవి భూమి, నీరు, నిప్పు, గాలి, ఆకాశం. వారివి కొయ్య, నిప్పు, మన్ను, లోహం, నీరు. పైగా వారు వాటిని పదార్థాలుగా కాక దశలుగా చెప్పారు. కొయ్య నుంచి నిప్పు, నిప్పు నుంచి బూడిదగా మన్ను, మన్ను నుంచి లోహం, ఇలా ఒకదానిలోంచి మరొకటి పుడుతూ ఉంటుంది.

చెవి సంగతి ఇంకా చిత్రమైనది. చెవి మీద శరీరమంతటికీ పటం గీసిన ఆధునిక పద్ధతిని 1950లలో రూపొందించినది ఫ్రాన్స్‌లోని లియోన్ నగరానికి చెందిన పాల్ నోజియే అనే వైద్యుడు. తుంటినొప్పి తగ్గడానికి ఎవరో నాటువైద్యులు చెవి మీద కాల్చిన మచ్చలు తన రోగులకు ఉండడం చూసి ఆయన అక్కడ మొదలుపెట్టాడు.

నిజమైన పోలికలు వేరే ఉన్నాయి, వాటికి మనం సంతోషించవచ్చు. మన వైద్యంలో కొలత రోగి సొంత వేలితోనే, అంగుళంతోనే. చైనాలోనూ రోగి బొటనవేలి కణుపు వెడల్పు ఒక ‘త్సున్’, నాలుగు వేళ్లు కలిపితే మూడు త్సున్‌లు. పొడుగు మనిషికైనా పసివాడికైనా ఆ కొలత తప్పదు. మన బసవరాజీయం అనే వైద్యగ్రంథం మొదలయ్యేదే నాడీపరీక్షతో. నా పేరుకు కారణమైన ఆకును కూడా చెప్పాలి. వినాయక చవితినాడు ఇరవైయొక్క పత్రులలో మొట్టమొదట స్వామికి సమర్పించేది మాచిపత్రి కదా. ఆ మొక్క దగ్గరి బంధువు ఆకునే చైనావారు ఎండబెట్టి, దంచి, దూదిలా చేసి, చుట్టగా చుట్టి, అంటించి, ఒంటికి తగలకుండా దగ్గరగా పట్టుకొని సెగ ఇస్తారు. ఆక్యుపంక్చర్‌కు వారి భాషలో ఉన్న పేరు ‘జెన్‌జియు’. అందులో సగం సూది, సగం ఈ సెగ. మనం తెచ్చుకున్న పేరులో సూది మాత్రమే మిగిలింది.

పాలకొల్లు_మాస్టారు
మర్మాల విషయం మీరు చెప్పాక మళ్లీ గ్రంథం తీసి చూశాను. మీరన్నది సరైనదే. ఇన్నాళ్లూ తరగతిలో పిల్లలకు కూడా పొరపాటుగా చెప్పాను.

తణుకు_వాసు
ఈ సెగ, మన పల్లెల్లో కామెర్లకు పెట్టే వాతలు ఒకటేనా? చిన్నప్పుడు మా పెద్దమ్మ కొడుక్కి పెట్టించారు, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

మాచిపత్రి
కాదు. వాత చర్మాన్ని కాలుస్తుంది, దాన్ని ఎవరికీ పెట్టించకండి. మాచిపత్రి చుట్టను చర్మానికి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ఉంచుతారు, రోగికి హాయిగా వెచ్చగా అనిపించాలి. అయితే అమ్మగారికి షుగర్ ఉంది. పాదాలకు స్పర్శ తగ్గి ఉంటే సెగ ఎక్కువైనా ఆమెకు తెలియదు. కనుక మోకాలి కింద సెగ వద్దని ముందే చెప్పండి.

గుంటూరు_కృష్ణవేణి
అనుభవం ఉన్నదాన్ని కనుక రాస్తున్నాను. నాకు ఇరవై ఏళ్లుగా ఒంటిచెంప తలనొప్పి. వచ్చిందంటే వాంతులు, వెలుతురు చూడలేకపోవడం, బడికి సెలవు. నెలలో తొమ్మిది పది రోజులు అలాగే పోయేవి. మాత్రలు సగమే పనిచేసేవి. ఎనిమిది సిట్టింగ్‌లు సూదులు వేయించుకున్నాను. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య కండ ఉబ్బే చోట ఒక సూది, పాదం మీద ఒకటి, కణతల దగ్గర, మెడ వెనుక మరికొన్ని. గుచ్చినప్పుడు చీమ కుట్టినంత కూడా లేదు. ఆ తరువాత ఆమె సూదిని రెండు వేళ్లతో మెల్లగా తిప్పారు. అప్పుడు చేయి లోపల, నిండు బిందె మోసుకొచ్చి దించిన తరువాత ఉండే బరువు, కాస్త తిమ్మిరి కలిసి మోచేతి దాకా పాకింది. నేను ఉలిక్కిపడితే ఆమె మాత్రం నవ్వి ‘దే చీ, చీ అందింది’ అన్నారు. ఇరవై నిమిషాలు పడుకోబెట్టారు, సగంలోనే నాకు నిద్ర పట్టేసింది.

నొప్పి వచ్చిన రోజులన్నీ క్యాలెండర్‌లో ఎర్రచుక్కతో గుర్తుపెట్టుకున్నాను. ఇప్పుడు నెలకు మూడు నాలుగు చుక్కలే ఉంటున్నాయి. ఇది చీ వల్లనో, నిద్ర వల్లనో, మరి దేని వల్లనో నాకు తెలియదు. ఆ చుక్కలు తగ్గడం మాత్రం నిజం.

లెక్కల_లక్ష్మి
కృష్ణవేణి గారి చుక్కలను నేను నమ్ముతున్నాను. తలనొప్పి విషయంలో పెద్ద పరిశోధనలు కూడా ఆ వైపే ఉన్నాయి. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యసేవకు మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ, మాత్రలు పడనివారికి అయిదు నుంచి ఎనిమిది వారాల్లో పది సిట్టింగ్‌ల దాకా ఆలోచించవచ్చని 2012లోనే రాసింది.

కానీ సూది సరైన చోట గుచ్చడం వల్ల తగ్గిందా, ఎక్కడో ఒకచోట గుచ్చడం వల్ల తగ్గిందా అనేవి రెండు వేరువేరు ప్రశ్నలు. జర్మనీలో 1,162 మంది నడుంనొప్పి రోగులపై చేసిన పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. వారిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు చైనా పద్ధతిలో సరైన బిందువుల్లో సూదులు వేశారు. రెండో గుంపుకు బిందువులు కాని చోట్ల, పైపైన గుచ్చారు. మూడో గుంపుకు మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం వంటి మామూలు చికిత్స ఇచ్చారు. ఆరు నెలల తరువాత చూస్తే మొదటి గుంపులో 47.6 శాతం మందికి, రెండో గుంపులో 44.2 శాతం మందికి, మూడో గుంపులో 27.4 శాతం మందికి మేలు కనిపించింది. మొదటి రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే చైనా వైద్యం చెప్పే ఆ దారులకు పెద్ద ప్రాధాన్యం ఉన్నట్టు కనిపించదు. మొదటిదాన్ని మూడోదాని పక్కన పెడితే రోగికి లాభం ఉన్నట్టే కనిపిస్తుంది. ఈ రెండు మాటల్లో ఏ ఒక్కటే చెప్పినా సగమే చెప్పినట్టు.

జనరల్_వార్డు
లక్ష్మి గారు చెప్పిన మొదటి పోలికే నా వాదన అంతా. ఎక్కడ గుచ్చినా దాదాపు అంతే ఫలితం వస్తే, 361 బిందువులు, పన్నెండు ప్రధాన దారులు బట్టీపట్టడం దేనికి? మోకాలి అరుగుదలకు ఆక్యుపంక్చర్ ఇవ్వవద్దని అదే నైస్ సంస్థ చెబుతోంది, అది కూడా ఇక్కడ నమోదు కావాలి.

శాక్రమెంటో_రావు
డాక్టరు గారూ, అమెరికాలో కీళ్లవైద్య నిపుణుల సంస్థ అయిన అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019లో మోకాలి అరుగుదలకు దాన్ని షరతులతో సిఫారసు చేసింది. ఒకే ఆధారాలను చూసిన ఇద్దరు పెద్దలు రెండు తీర్పులు ఇచ్చారన్నమాట. ఇక్కడ 65 దాటినవారి ప్రభుత్వ బీమా మెడికేర్, 2020 నుంచి దీర్ఘకాలపు నడుంనొప్పికి 90 రోజుల్లో 12 సిట్టింగ్‌లకు డబ్బు చెల్లిస్తోంది. గుణం కనిపిస్తే మరో ఎనిమిది ఇస్తారు, లేకపోతే ఆపేస్తారు. మా మామగారు ఆ విధంగా 12 వేయించుకున్నారు. ఆయనకు గుణం కనిపించలేదు, అక్కడితో ఆపేశారు. ముందే ఒక హద్దు పెట్టుకోవడం నాకు నచ్చింది.

సూదివైద్యం_సుజాత
నేను ప్రకృతి వైద్య పట్టా తీసుకొని, ఆ తరువాత ఆక్యుపంక్చర్‌లో శిక్షణ పొంది పద్నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. నా వృత్తి మీద ఇంత మర్యాదగా చర్చ జరుగుతున్నందుకు సంతోషంగా ఉంది. డాక్టరు గారి ప్రశ్న నన్నూ కొన్నేళ్లపాటు బాధపెట్టింది.

పైపైన గుచ్చడం కూడా గుచ్చడమే. అది పంచదార బిళ్ల లాంటిది కాదు, చర్మంలోని నరాలు దానికీ స్పందిస్తాయి. అందుకే 1998లో జర్మనీవారు రంగస్థలం మీది కత్తిలా పిడిలోకి వెనక్కి జారిపోయే సూదిని తయారు చేశారు. నొప్పులకు సూది వైద్యంపై జరిగిన పరీక్షలను కలిపి, 39 పరిశోధనల్లోని 20,827 మంది రోగుల వివరాలను ఒక్కొక్కరుగా లెక్కగట్టిన అధ్యయనం 2018లో వచ్చింది. దీర్ఘకాలపు నొప్పుల్లో అసలు సూది ఉత్తుత్తి సూది కంటే మెరుగే, కానీ ఆ తేడా చిన్నది. సూదులు అసలు వేయకపోవడంతో పోలిస్తే తేడా పెద్దది. ఈ మాటను నేను నా రోగులకు దాచకుండా చెబుతాను.

ఇక ఒంట్లో ఏం జరుగుతుందన్నది. బీజింగ్‌లో హాన్ జిషెంగ్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1960లలో ఈ పని మొదలుపెట్టారు. సూదులకు సన్నని కరెంటు కలిపి సెకనుకు రెండుసార్లు కొడితే మెదడు, వెన్నుపాములో ఒక రకమైన నొప్పినివారక రసాయనాలు, సెకనుకు వందసార్లు కొడితే మరో రకం ఊరుతాయని ఆయన బృందం చూపింది. నల్లమందు ప్రభావాన్ని విరిచే నలాక్సోన్ అనే మందు ఇస్తే సూది వల్ల కలిగిన ఉపశమనం తగ్గిపోతుందని 1970లలోనే తేలింది. కనుక చీని నమ్మకపోయినా నొప్పి తగ్గడాన్ని చదువుకోవచ్చు.

వాసు గారూ, మీ అమ్మగారికి వేయబోయే చోట్లు ఇవే అయి ఉంటాయి. మోకాలు మడిచినప్పుడు చిప్ప కింద రెండు పక్కలా రెండు గుంటలు పడతాయి, చైనా భాషలో వాటి పేరు ‘మోకాలి కళ్లు’. బయటి కంటి నుంచి ఆమె సొంత వేళ్లు నాలుగు కిందికి, కాలి ముందు ఎముక అంచు నుంచి ఒక వేలు బయటికి జరిగితే ‘జూసాన్‌లి’ అనే బిందువు. అక్కడ బొటనవేలితో గట్టిగా నొక్కితే ఎవరికైనా ఒక తీయని నొప్పి తెలుస్తుంది. సూది మందం పావు మిల్లీమీటరు, ఇంజెక్షన్ సూది దానికి మూడింతలు ఉంటుంది.

జనరల్_వార్డు
సుజాత గారి నిజాయితీకి కృతజ్ఞతలు. మీరు చెప్పిన పద్ధతిలో చెబితే నాకు పేచీ తగ్గుతుంది. నా భయమంతా సూదితోనే ఆపరేషన్లు జరిగిపోయాయన్న ప్రచారం గురించి. 1971లో అమెరికా పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కు బీజింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ అయింది. సూదులతో మత్తు ఇచ్చి కోశారని ఇప్పటికీ రాస్తున్నారు. ఆయన రాసుకున్నదాని ప్రకారం మామూలు మత్తుమందు ఇంజెక్షన్ ఇచ్చే కోశారు. ఆపరేషన్ అయ్యాక కడుపుబ్బరం వచ్చినప్పుడు సూదులు వేశారు. మరుసటి ఏడాది అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్లడంతో ఆ కథ పెరిగి పెద్దదైంది.

చాంగ్షా_మిత్ర
ఈ కథలకు ముందున్న చరిత్ర కూడా చెప్పాలి, ఎందుకంటే ‘అయిదు వేల ఏళ్లుగా మారని విద్య’ అనే మాట తప్పు. మా ఊరి శివార్లలో మావాంగ్‌డుయి అనే చోట 1970లలో సమాధులు తవ్వారు. క్రీ.పూ. 168లో మూసిన ఒక సమాధిలో పట్టుబట్ట మీద రాసిన వైద్యగ్రంథాలు దొరికాయి. సెలవు రోజున వాటిని చూడడానికి మ్యూజియంకు వెళ్లాను. మడతల దగ్గర చిరిగి, తేనెరంగుకు తిరిగిన ఆ బట్ట మీద నల్లసిరా ఇంకా స్పష్టంగా ఉంది. వాటిలో పన్నెండు కాదు, పదకొండు దారులే ఉన్నాయి. సెగ గురించి ఉంది, సూది గురించి లేదు. ఆ తరువాతి శతాబ్దంలోగా కూర్పు పొందిన హువాంగ్‌డీ నెయ్‌జింగ్ అనే వైద్యగ్రంథంలో పన్నెండు దారులు, తొమ్మిది రకాల సూదులు వచ్చాయి. 1027లో సోంగ్ వంశపు వైద్యుడు వాంగ్ వెయ్‌యీ నిలువెత్తు కంచు మనుషులను ఇద్దరిని పోతపోయించి, బిందువుల చోట రంధ్రాలు పెట్టించాడు. పరీక్షనాడు బొమ్మకు మైనం పూసి, లోపల నీరు నింపేవారు. విద్యార్థి సూది సరైన చోట దిగితే నీరు చిమ్ముతుంది, లేకపోతే తప్పినట్టే.

అదే చైనాలో 1822లో చక్రవర్తి ఆస్థాన వైద్యశాలలో సూది వైద్యాన్ని నిషేధించారు. 1929లో అప్పటి ప్రభుత్వం సంప్రదాయ వైద్యాన్నే రద్దు చేయాలని తలపెడితే వైద్యులు దేశమంతటా ఆందోళన చేసి ఆపించారు. ఇప్పుడు మనం చూస్తున్న రూపం 1950లలో, ఊళ్లకు డాక్టర్లు చాలని కాలంలో, ప్రభుత్వం చేరదీసి పాఠ్యపుస్తకంగా కూర్చినది. బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్డూలలో 1956లో కళాశాలలు వెలిశాయి.

పాలకొల్లు_మాస్టారు
మన దేశానికి ఇది ఎలా వచ్చింది?

సూదివైద్యం_సుజాత
డాక్టర్ కోట్నిస్ పేరు మీరు వినే ఉంటారు. షోలాపూర్ మనిషి. జపాన్ దాడిలో ఉన్న చైనాకు 1938లో మన దేశం పంపిన అయిదుగురు వైద్యుల్లో ఒకరు, 1942లో అక్కడే కన్నుమూశారు. ఆ అయిదుగురిలోనే బిజయ్ కుమార్ బసు కూడా ఉన్నారు. ఆయన 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి ఈ విద్య నేర్చుకొని, కలకత్తాలో మొదలుపెట్టారు. అందుకే చట్టం కూడా మొదట పశ్చిమ బెంగాల్‌లోనే, 1996లో వచ్చింది, మహారాష్ట్రలో ఆ తరువాత వచ్చింది. కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో దీన్ని స్వతంత్ర చికిత్సా పద్ధతిగా గుర్తించింది. అయినా వారాంతపు శిబిరంలో నేర్చుకొని బోర్డు పెట్టేవారు ఉన్నారు కనుక ఎక్కడ, ఎన్నేళ్లు చదివారని అడగడానికి మొహమాటపడకండి.

తణుకు_వాసు
ఆవిడ సూదులతో పాటు ఏవో చైనా మూలికల గోలీలు కూడా ఇస్తామన్నారు. నెలకు రెండు సీసాలట. పేరు చైనా భాషలో ఉంది.

మాచిపత్రి
వాసు గారూ, సూదుల విషయంలో నేను ఏమీ అనను కానీ ఇది మాత్రం వద్దు. చెట్టు మందు కనుక హాని లేదనుకోకండి. 1990ల మొదట్లో బెల్జియంలో ఒళ్లు తగ్గడానికి ఇచ్చిన చైనా మూలికల గోలీల్లో ఒక వేరుకు బదులు పేరులో పోలిక ఉన్న మరో వేరు కలిసింది. వందమందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి, తరువాత మూత్రనాళంలో క్యాన్సర్లు కూడా వచ్చాయి. ఆ విషం పేరు అరిస్టోలోకిక్ ఆమ్లం. మన పల్లెల్లో పాముకాటుకు నూరిపోసే ఈశ్వరి వేరు కూడా ఆ కుటుంబానిదే, దానిలోనూ ఆ ఆమ్లం ఉంది. ఆయుర్వేదం చదివినదాన్నే ఈ మాట చెబుతున్నాను.

జనరల్_వార్డు
నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తున్నాను. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే రక్తపోటు పెరిగి పొటాషియం పడిపోతుంది, అది చాలా చైనా కషాయాల్లో ఉంటుంది.

చాంగ్షా_మిత్ర
ఒప్పుకుంటాను. అయితే ఆ మందుల కొట్టులో ఉన్నది విషం మాత్రమే కాదని కూడా చెప్పాలి. మా బోధనాసుపత్రిలో గోడ పొడుగునా చిన్న చిన్న సొరుగులు వందలకొద్దీ ఉండేవి. మందు కట్టే ఆవిడ చేతి తక్కెడతో ఒక్కో దినుసూ తూచి, రోజుకొకటిగా పరచిన ఏడు కాగితాల మీద సమంగా పంచేది. జలుబు, చలిజ్వరాలకు వారు ఇచ్చే ఒక పాత కషాయంలో దాల్చినచెక్క కొమ్మ, పియోని వేరు, అల్లం, రేగుపండ్లు, అతిమధురం ఉంటాయి. అది తాగాక వేడి గంజి తాగి దుప్పటి కప్పుకోమని సుమారు 1800 ఏళ్ల నాటి గ్రంథంలోనే రాశారు. మా నాయనమ్మ చేసేదీ అదే.

ఇంకొకటి ఉంది. మలేరియాకు మందు వెతకడానికి 1967లో చైనా ప్రభుత్వం మొదలుపెట్టిన రహస్య పథకంలో తూ యూయూ అనే శాస్త్రవేత్త పనిచేశారు. నాలుగో శతాబ్దపు గె హోంగ్ రాసిన చిట్కాలో చింగ్‌హావ్ అనే మొక్కను కాచమని లేదు, నీళ్లలో నానబెట్టి పిండి ఆ రసం తాగమని ఉంది. వేడి వల్ల గుణం పోతోందేమోనని ఆమెకు అక్కడ తట్టింది. ఈథర్‌తో తక్కువ వేడి మీద సారం తీశారు. అదే ఆర్టెమిసినిన్, దానికి 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. చింగ్‌హావ్ కూడా మాచిపత్రి జాతి మొక్కే. అయితే ఆ మూలిక మందుగా మారింది పరీక్షకు నిలబడిన తరువాతే. పేరు చదవడం రాని సీసాకు ఆ గౌరవం ఇవ్వలేం.

గుంటూరు_కృష్ణవేణి
వాసు గారూ, సీల్ విప్పని, ఒక్కసారి వాడి పారేసే సూదులు మీ కళ్ల ముందే తీయాలని చెప్పండి. నేను మొదట వెళ్లిన ఒకచోట స్టీలు గిన్నెలో నానబెట్టిన సూదులు తీయబోతుంటే లేచి వచ్చేశాను.

సూదివైద్యం_సుజాత
అవును. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా, ఒంట్లో పేస్‌మేకర్ ఉందా అన్నవి మీరే ముందు చెప్పండి. పేస్‌మేకర్ ఉంటే కరెంటు కలపకూడదు. ఛాతీ, భుజం మీద తెలియనివారు లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి రంధ్రం పడే ప్రమాదం ఉంది కనుక మోకాలి నొప్పికి వీపు మీద వేస్తామంటే ఎందుకని అడగండి. పరగడుపున తీసుకువెళ్లకండి, షుగర్ పడిపోతుంది.

తణుకు_వాసు
ఆదివారం వెళ్లి వచ్చాం. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకొని వెళ్లాను. కిడ్నీ మాట అడిగితే ఆవిడ మొదట కొంచెం నొచ్చుకున్నారు. క్రియాటినిన్ కాగితం చూపించాక మాత్రం అమ్మ చేయి పట్టుకొని, ‘మీ కిడ్నీలు బాగున్నాయమ్మా, మా వైద్యంలో ఎముకల బలానికి ఆ పేరు, నేను చెప్పవలసిన తీరులో చెప్పలేదు’ అన్నారు. అమ్మ పెద్దగా ఊపిరి వదిలింది. గోలీలు వద్దన్నాం, బలవంతం చేయలేదు. సూదుల పొట్లం మా ముందే చించారు. సెగ పెట్టబోతూ పాదాలకు దూదితో తాకి చూశారు. ఎడమ బొటనవేలి దగ్గర అమ్మకు తాకినట్టు తెలియలేదు. ఈ సంగతి మాకు ఇంతవరకు తెలియదు. సెగ మానేశారు.

రావు గారు చెప్పినట్టు హద్దు పెట్టుకున్నాం. ఆరు సిట్టింగ్‌లు, వారానికి రెండు. మెట్లు దిగేటప్పుడు నొప్పి పదికి ఎంత అన్నది అమ్మ రోజూ రాత్రి చెబుతుంది, నేను రాస్తాను. మొదటి రోజు ఏడు. తొడ వ్యాయామం కూడా ఈ రోజు నుంచే, కుర్చీలో కూర్చొని కాలు చాపి పది లెక్కపెట్టడం.

జనరల్_వార్డు
ఆ బొటనవేలి సంగతే నాకు అన్నింటికంటే ముఖ్యంగా కనిపిస్తోంది. ఆలస్యం చేయకుండా షుగర్ డాక్టరు గారికి చూపించండి. రోజూ రాత్రి నొప్పి అంకె రాసేటప్పుడే రెండు పాదాల అడుగుభాగం, వేళ్ల సందులు దీపం వెలుగులో చూడండి. ఇంట్లోనైనా చెప్పులు లేకుండా నడవనివ్వకండి.

తణుకు_వాసు
బుధవారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. మెత్తని చెప్పులు ఈ సాయంత్రమే కొన్నాం. ఆరో సిట్టింగ్ అయ్యాక అంకెలన్నీ ఇక్కడే పెడతాను.

లెక్కల_లక్ష్మి
తగ్గినా తగ్గకపోయినా పెట్టండి. వ్యాయామం ఎన్ని రోజులు చేశారన్నది కూడా పక్కనే రాయండి.